రాగిరేకుపై చెట్లు, నది

శ్రీకాకుళము జిల్లాలోని భావనపాడు సముద్రతీరమందలి మత్స్యకార గ్రామము. అచ్చటి ఉప్పుటేటి గట్టున నిలిచి చూచువారికి నీరు, చెట్లు, ఆకాశము ఒక్క చిత్రమువలె కనిపించును. కాని ఆ దృశ్యము నిలుకడగా నుండునది కాదు. అట్టి దృశ్యములను పదిలపరచుటకు చిత్రకారులు కనుగొనిన ఉపాయములలో ఎచింగ్ అను ముద్రణకళ ఒకటి.

ఈ కళలో ముందుగా నునుపైన రాగిరేకుపై మైనము మొదలగువానితో చేసిన పూత పూయుదురు. దానిపై సన్నని సూదితో చిత్రము గీయుదురు. సూది నడచిన చోట పూత తొలగి రాగి బయటపడును. పిదప రేకును ఆమ్లమున ఉంచుదురు. ఆమ్లము పూతను అంటక, బయటపడిన రాగిని మాత్రమే తినివేయును. కొద్దిసేపు ఉంచిన గీత పలుచగను, ఎక్కువసేపు ఉంచిన గీత లోతుగను ఏర్పడును. తరువాత పూతను తొలగించి, గీతలలో సిరా నింపి, పైనున్న సిరాను తుడిచి, తడి కాగితము పరచి యంత్రముతో అదుముదురు. చిత్రము కుడియెడమలు తారుమారై కాగితముపై దిగును. చెట్టునీడకు లోతైన గీతలు దట్టముగా కావలెను. నీటి మెరుపునకు గీతలే అక్కరలేదు. సూది తాకని చోటి కాగితపు తెలుపే నదియై మెరయును.

ఐరోపాలో ప్రకృతిని ఆరాధించిన కాల్పనికయుగమున కొందరు చిత్రకారులు ఈ కళను చేపట్టిరి. ఇంగ్లండులోని నార్విచ్ నగరవాసి జాన్ క్రోమ్ (1768–1821) తన ప్రాంతపు చెట్లను, త్రోవలను రేకులపై గీసెను. ఆయన జీవించియుండగా అవి గ్రంథముగా వెలువడలేదు. 1834లో, ఆయన మరణించిన 13 ఏండ్లకు, ప్రచురింపబడినవి. చేయి లేకపోయినను రేకు మిగిలినది.

ఈ విద్యలో తెలుగువాడును జగత్ప్రసిద్ధుడయ్యెను. చిత్తూరు జిల్లాలో 1925లో జన్మించిన కృష్ణారెడ్డి శాంతినికేతనమున చదివి, పారిస్ నగరమున అటెలియే 17 అను శిల్పశాలలో పనిచేసెను. నూనె హెచ్చుగా గల రంగు, తక్కువగా గల రంగు ఒకదానితో ఒకటి కలియవు. ఈ గుణము ఆధారముగా, ఒకే రేకునుండి ఒక్క ముద్రణలోనే పలువన్నెల చిత్రమును తీయు పద్ధతిని తోటివారితో కలిసి ఆయన పెంపొందించెను. 1963 నాటి ఆయన చిత్రమొకటి సుడిగుండమును గూర్చినదే. 1972లో ఆయనకు పద్మశ్రీ లభించెను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళపు తీరమును తాకి, ఉద్దానమునందలి కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చెను. తోటను మరల నాటవచ్చును. కూలిన చెట్టు వంపును మరల తేజాలము. ఎవరైన దానిని రేకుపై గీసియుండినచో, ఆ ఒక్క రేకునుండి అనేక ప్రతులు వెలువడి ఇంటింట నిలిచియుండెడివి. కావున బాలబాలికలు తమ యూరి చెట్టును అది నిలిచియుండగనే చక్కగా పరికించి, కాగితముపైనైనను గీయ నేర్వవలెను.