ల్యాప్‌టాప్ వేడి - ఫ్యాను రొద

ల్యాప్‌టాప్ కంప్యూటరు కొద్దిసేపు పనిచేయగానే బుస్సుమని రొద చేయుచున్నదనియు, ఒడిలో పెట్టుకొన్నచో తొడలు కాలుచున్నవనియు చాలమంది చెప్పుచుందురు. రొదను మాన్పు ఉపాయ మేమని విద్యార్థులు అడుగుచుందురు. లోపల పుట్టిన వేడిని బయటకు నెట్టుటకు ఫ్యాను పడు పాటే ఆ చప్పుడు. వేడి ఎచట పుట్టి, ఏ దారిని బయటపడునో తెలిసినచో, అడ్డు ఎచట వచ్చినదో యంత్రమును విప్పకయే చాలవరకు కనుగొనవచ్చును.

విద్యుత్ పొయ్యి వేడెక్కుటలో వింత లేదు. లెక్కలు కట్టు యంత్రము వేడెక్కనేల? బ్యాటరీలో నిలువయగు భాగము తప్ప, కంప్యూటరు తీసికొను విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు తుదకు ఉష్ణముగానే మారును. ప్రాసెసరు అను చిన్న సిలికాన్ పలుకులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు క్షణక్షణము తెరచుకొనుచు, మూసికొనుచు ఉండును. ప్రతిసారియు రవ్వంత శక్తి వేడియగును. ఒకటిన్నర చదరపు సెంటీమీటర్ల పలుకులో 30 వాట్లు ఖర్చగుచున్న వనుకొందము. చదరపు సెంటీమీటరుకు 20 వాట్లు! మన 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుభాగమున చదరపు సెంటీమీటరుకు ఐదారు వాట్లకు మించదు.

ఇంత వేడి అంత ఇరుకుచోటినుండి బయటపడు మార్గము చిత్రమైనది. పలుకుపై రాగిరేకు అదిమి ఉండును. రెండును ఎంత నునుపైనను నడుమ సన్నని ఖాళీలు మిగులును. వాటిలో గాలి నిలుచును. గాలికంటె రాగి సుమారు 15,000 రెట్లు మిన్నగా ఉష్ణమును వహించును. కావున ఆ ఖాళీలను నింపుటకు ఒక లేపనమును పూయుదురు. ఏండ్లు గడచినకొలది ఆ లేపనము ఎండి బీటలువారవచ్చును.

రాగిరేకునుండి బయలుదేరునది ఉష్ణనాళము. 1963లో అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ దీనిని ప్రయోగపూర్వకముగ రూపొందించెను. గాలి తీసివేసిన రాగిగొట్టములో కొద్దిపాటి నీరుండును. పీడనము తక్కువగుటచే ఆ నీరు తక్కువ వేడికే ఆవిరియై రెండవ కొనకు పరుగెత్తి, అచటి పలుచని రేకులకు వేడి నిచ్చి మరల నీరగును. ప్రమిదలోని వత్తి నూనెను పీల్చినట్లు, గొట్టము లోపలి పొర ఆ నీటిని వెనుకకు పీల్చుకొనును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 2,400 జౌళ్లు కావలెను గనుక, 30 వాట్ల వేడిని మోయుటకు నిమిషమునకు ముప్పాతిక గ్రాము నీరు తిరిగిన చాలును! గుప్తోష్ణమును బోధించు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

కడపటి పని ఫ్యానుది. రేకులమీదుగా గాలిని తోలుటయే దాని పని. దాని వేగము రెట్టింపైనచో గాలియు రెట్టింపగును. కాని దానిని త్రిప్పు శక్తి ఎనిమిదింతలు కావలెను, చప్పుడు సుమారు 15 డెసిబెల్లు పెరుగును. కొద్దిపాటి వేడి తగ్గినను రొద ఎంతో తగ్గుటకు కారణ మిదియే. (ఫ్యాను లేని ల్యాప్‌టాపులును కలవు. అవి వేడెక్కినపుడు అరవవు, నెమ్మదించును.)

ఇక పరీక్ష. రొద హెచ్చుగా ఉన్నపుడు పక్కనో వెనుకనో గాలి వెడలు రంధ్రముకడ చేయి ఉంచుడు. గాలి జోరుగా, వేడిగా వచ్చుచున్నచో మార్గము బాగున్నది. వేడియే అధికముగా పుట్టుచున్నది. టాస్క్ మేనేజర్ తెరచి, ఏ ప్రోగ్రాము ప్రాసెసరును శ్రమపెట్టుచున్నదో చూడవలెను. గాలి నీరసముగా, మిక్కిలి వేడిగా వచ్చుచున్నచో రేకులకు దుమ్ము, నూలుపీచు పట్టినవని అర్థము. గాలి జోరుగా వచ్చుచు గోరువెచ్చగనే ఉండి, యంత్రము మాత్రము నెమ్మదించినచో, వేడి రేకులవరకు చేరుటలేదు. లేపనమునో నాళమునో అనుమానింపవలెను. గరగరమను చప్పుడైనచో ఫ్యాను బేరింగు అరిగి ఉండవచ్చును.

పరుపుపై పెట్టి వాడుట అన్నిటికంటె చెడ్డ అలవాటు. చాల ల్యాప్‌టాపులకు గాలి పీల్చు రంధ్రములు అడుగున నుండును. బల్లపై వెనుక అంచు క్రింద ఒక పుస్తకము, రంధ్రములు మూయకుండ, పెట్టినచో తేడా వినబడును. దుమ్ము తీయుటకు యంత్రమును ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్క తిరుగకుండ పుల్లతో ఆపి, రబ్బరు ఊదుడుబుర్రతో గాలి కొట్టవలెను. నోటితో ఊదినచో తేమ చేరును. లేపనము మార్చుట మాత్రము తెలిసినవారి పని.

ప్రాసెసరులో పుట్టు వేడి దాని పౌనఃపున్యమునకును, వోల్టేజి వర్గమునకును అనుపాతములో నుండును. వేగమును 20 శాతము, వోల్టేజిని 10 శాతము తగ్గించినచో 0.8 × 0.9 × 0.9 = 0.648, అనగా మూడవవంతుకు పైగా వేడి తగ్గును. పవర్ మోడ్‌ను తగ్గించి పెట్టినపుడు జరుగున దిట్టిదే. పాఠము వ్రాసికొనుటకు ఆ వేగము చాలును.

వేసవిలో రెంటచింతల వంటి చోట గది వేడి 28 డిగ్రీలనుండి 42కు పెరిగినచో, అదే పనికి ప్రాసెసరు వేడియు ఇంచుమించు 14 డిగ్రీలు పెరుగును. అది సుమారు 100 డిగ్రీలకు చేరగనే తనంతట నెమ్మదించి, అప్పటికిని తగ్గనిచో ఆగిపోవును. కావున ప్రాసెసరు కాలిపోవుట అరుదు. అసలు నష్టపడునది పక్కనున్న లిథియం బ్యాటరీ. ఎడతెగని వేడిలో అది త్వరగా క్షీణించును, ఒక్కొక్కపుడు ఉబ్బును. టచ్‌ప్యాడ్ పైకి లేచినను, అడుగుమూత ఉబ్బినను వెంటనే వాడుక మాని, ఛార్జింగు తీసివేయవలెను. దానిని అదుమరాదు, గుచ్చరాదు, చెత్తబుట్టలో వేయరాదు; సర్వీసు కేంద్రమునకు అప్పగింపవలెను.