కృష్ణా డెల్టాలో బ్యాటరీ వాహనాలు: ఛార్జింగు, నిర్వహణ, భద్రత - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

గోల్ఫ్ బండ్లలోనూ, ఈ-రిక్షాలలోనూ వాడే బ్యాటరీల నిర్మాణం, పనితీరు ప్రధానంగా ఒక్కటే. వాటి ఆయువును పగటి ప్రయాణం కంటే రాత్రి జరిగే ఛార్జింగే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఛార్జింగు సూచనలు సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను ప్రమాణంగా తీసుకొని ఇచ్చినవి. కృష్ణా డెల్టాలోని వేసవి వేడి, ఉప్పునీటి బోర్లు, వరదలు ఆ సూచనలను స్థానికంగా సవరించుకోవలసిన అవసరాన్ని కలిగిస్తున్నాయి. ఆ సవరణలను శాస్త్రీయ కారణాలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సీసపు బ్యాటరీ, లిథియం బ్యాటరీ, ఈ-రిక్షా, ఛార్జింగు, స్వేదనజలం, హైడ్రోజన్, విజయవాడ.

1. ఉపోద్ఘాతం

మైదానంలో గోల్ఫ్ ఆటగాళ్లను తిప్పడానికి రూపొందిన చిన్న విద్యుత్ బండి నేడు రైల్వే స్టేషన్లలో, ఆసుపత్రులలో, విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో వృద్ధులకూ రోగులకూ వాహనమైంది. దానికి దగ్గరి బంధువు ఈ-రిక్షా. 2015 మోటారు వాహనాల సవరణ చట్టం ఈ-రిక్షాకు చట్టబద్ధమైన నిర్వచనం ఇచ్చి, దాని మోటారు శక్తిని 4000 వాట్లకు పరిమితం చేసింది. నాలుగు 12 వోల్టుల సీసపు బ్యాటరీలను వరుసగా కలిపి 48 వోల్టులు పొందే పద్ధతి ఈ రెండు రకాల బండ్లలోనూ ఉంది.

ప్రాంగణంలో తిరిగే బండి బ్యాటరీ చెడిపోతే సంస్థ కొత్తది కొంటుంది. అప్పు చేసి ఈ-రిక్షా కొనుక్కున్న డ్రైవరుకు మాత్రం అది నెలల సంపాదన. ఇంట్లో జరిగే ఛార్జింగులో ప్రాణభయమూ ఉంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోని ఒక ఇంట్లో, పడకగదిలో రాత్రి ఛార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించాడు. కాబట్టి బ్యాటరీ నిర్వహణను సాంకేతిక విషయంగానే కాక జీవనోపాధికీ, గృహభద్రతకూ చెందిన విషయంగా పరిశీలించవలసి ఉంది.

2. సీసపు బ్యాటరీ పనిచేసే తీరు

1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించిన ఈ బ్యాటరీలో సీసం, సీసపు డయాక్సైడ్ పలకలు సల్ఫ్యూరిక్ ఆమ్ల ద్రావణంలో మునిగి ఉంటాయి. బండి నడుస్తున్నప్పుడు ఆమ్లంలోని సల్ఫేటు రెండు పలకల మీదా సీసపు సల్ఫేటుగా చేరుతుంది. ఛార్జింగులో అది తిరిగి ద్రావణంలోకి వస్తుంది. అందుకే ద్రావణపు సాపేక్ష సాంద్రత బ్యాటరీ స్థితిని తెలుపుతుంది. పూర్తిగా ఛార్జి అయినప్పుడు అది సుమారు 1.28, బాగా ఖాళీ అయినప్పుడు సుమారు 1.12 ఉంటుంది. కొన్ని గంటల విశ్రాంతి తరువాత 12 వోల్టుల బ్యాటరీ 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు, 12.2 వోల్టులు చూపితే సగం మిగిలినట్లు భావించవచ్చు.

బండిని ఖాళీ బ్యాటరీతో రోజుల తరబడి వదిలేస్తే పలకల మీది సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారుతుంది. అవి మామూలు ఛార్జింగుకు కరగవు, బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. పండుగకు ఊరు వెళ్లే డ్రైవరు బండిని నిండుగా ఛార్జి చేసి వెళ్లడం అందుకే అవసరం. ప్రతిరోజూ చివరి బొట్టు వరకు వాడే బ్యాటరీ కంటే, సగం తగ్గగానే ఛార్జింగుకు పెట్టే బ్యాటరీ చాలా ఎక్కువసార్లు ఛార్జింగును తట్టుకుంటుంది.

3. ఛార్జింగు దశలు - ఉష్ణోగ్రత ప్రభావం

మంచి ఛార్జరు మూడు దశలలో పనిచేస్తుంది. మొదట స్థిరమైన ఆంపియర్లతో బ్యాటరీలో ఎక్కువ భాగాన్ని నింపుతుంది. తరువాత స్థిరమైన వోల్టేజి వద్ద ఆంపియర్లను క్రమంగా తగ్గిస్తూ మిగిలినది నింపుతుంది. చివరగా తక్కువ వోల్టేజి వద్ద నిండుదనాన్ని కాపాడుతుంది. 48 వోల్టుల బండిలో 24 ఘటాలు ఉంటాయి. 25 డిగ్రీల వద్ద, మూతలు తీసి నీళ్లు పోసే రకం బ్యాటరీలో, రెండవ దశకు ఘటానికి సుమారు 2.45 వోల్టుల చొప్పున మొత్తం 58.8 వోల్టులు అవసరమవుతాయి.

ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఘటానికి సుమారు 4 మిల్లీవోల్టులు తగ్గించాలి. మే నెల రాత్రి, పగటి వేడి ఇంకా తగ్గని బ్యాటరీ 40 డిగ్రీల వద్ద ఉంటే 15 డిగ్రీల తేడాకు 24 ఘటాలలో 1.44 వోల్టులు తగ్గాలి. అంటే 57.4 వోల్టుల వద్ద ఛార్జరు ఆగాలి. ఉష్ణోగ్రతను గుర్తించే అమరిక లేని చౌక ఛార్జరు 58.8 వోల్టులే ఇస్తూ పోతుంది. దానితో నీరు త్వరగా ఇంకిపోతుంది, పలకలు తినివేయబడతాయి. వేడిలో సీసపు బ్యాటరీ ఆయువు, ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు దాదాపు సగమవుతుందని ఇంజనీర్లు అంచనా వేస్తారు. పగటి ఎండ 45 డిగ్రీలు తాకే విజయవాడలో బండి తిరిగివచ్చాక గంటో రెండు గంటలో నీడలో చల్లార్చి ఛార్జింగుకు పెట్టడం ఖర్చులేని జాగ్రత్త.

విద్యుత్ ఖర్చు కూడా దీనితో ముడిపడి ఉంది. 48 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 4.8 యూనిట్లు నిలువ ఉంటాయి. అందులో 80 శాతం వాడితే 3.84 యూనిట్లు ఖర్చయినట్లు. దానిని తిరిగి నింపడానికి గోడ ప్లగ్గు నుంచి 5 యూనిట్లకు పైగా తీసుకోవలసి రావచ్చు. ఆ తేడా వేడిగా, వాయువుగా పోతుంది. అవసరానికి మించిన ఛార్జింగు ఈ నష్టాన్ని పెంచుతుంది.

4. నీరు - డెల్టాకు ప్రత్యేకమైన సమస్య

ఛార్జింగు చివరిలో నీరు హైడ్రోజన్, ఆక్సిజన్లుగా విడిపోతుంది. ఆ లోటును స్వేదనజలంతోనే పూరించాలి. కృష్ణా డెల్టాలో సముద్రానికి దగ్గరైన కొద్దీ బోరునీటిలో ఉప్పు పెరుగుతుంది. ఆ నీటిలోని క్లోరైడు సీసపు పలకలను తినివేస్తుంది, ఇనుము బ్యాటరీని తనంత తానే ఖాళీ చేస్తుంది. తాగడానికి అమ్మే మినరల్ వాటర్ క్యాన్‌లోని నీరు శుద్ధిచేసినదే అయినా అందులోనూ కరిగిన లవణాలు మిగిలి ఉంటాయి కనుక అది స్వేదనజలానికి ప్రత్యామ్నాయం కాదు.

ఛార్జింగు పూర్తయ్యాకే నీరు నింపాలి. ముందే నింపితే ద్రావణం వ్యాకోచించి పొంగిపోతుంది. పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత వరకు ముందుగా పోయాలి. ఆవిరైపోయేది నీరే కాబట్టి ఆమ్లం కలపకూడదు. మూతలు తెరవని రకం బ్యాటరీలకు నీరు పోయడం వర్తించదు.

5. వాయువు - గాలి ఆడవలసిన అవసరం

ఒక ఘటంలో నిండిన తరువాత ఒక ఆంపియర్-గంట అధికంగా ఛార్జి అయితే సుమారు 0.45 లీటర్ల హైడ్రోజన్ వెలువడుతుంది. 5 ఆంపియర్లు పూర్తిగా వాయువుగా మారితే 24 ఘటాల నుంచి గంటకు 54 లీటర్లు వస్తుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న మూసిన గదిలో ఐదు బ్యాటరీ సెట్లను ఇలా నాలుగు గంటలు వదిలితే 1080 లీటర్లు చేరుతుంది. ఆ గది పరిమాణంలో అది సరిగ్గా 4 శాతం. హైడ్రోజన్ తేలిక కనుక పైకప్పు కింద ఇంకా ముందుగానే ఆ స్థాయి ఏర్పడవచ్చు. కాబట్టి ఛార్జింగు స్థలానికి పైభాగాన గాలి పోయే దారి ఉండాలి. దీపం, బీడీ, స్టవ్ దగ్గర ఉండకూడదు. ఛార్జరును ముందుగా ఆపి, ఆ తరువాతనే క్లిప్పులు తీయాలి.

టెర్మినళ్ల మీద చేరే తెల్లటి పొరను, మూతలు బిగించి, వంటసోడా కలిపిన నీటితో కడిగి ఆరబెట్టి వ్యాజిలీన్ రాయాలి. పనిచేసేటప్పుడు ఉంగరం, గడియారం తీసివేయాలి. ఆమ్లం కంటిలో పడితే కనీసం 15 నిమిషాలు నీటితో కడుగుతూ వైద్యసహాయం పొందాలి.

6. లిథియం బ్యాటరీ - వేరే నియమాలు

సీసపు బ్యాటరీకి మేలు చేసే అలవాట్లన్నీ లిథియం బ్యాటరీకి పనికిరావు. సీసపు బ్యాటరీని నిండుగా నిలువ చేయాలి, లిథియం బ్యాటరీని సగం ఛార్జితో నిలువ చేయడం మంచిది. లిథియం బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీల పైన ఛార్జి చేయకూడదు. సీసపు ఛార్జరును లిథియం బ్యాటరీకి వాడటం ప్రమాదకరం. 2022లో దేశంలో వరుసగా జరిగిన అగ్నిప్రమాదాల తరువాత కేంద్రం ఏఐఎస్-156 ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశలుగా అమలులోకి తెచ్చింది. అయితే ప్రమాణాలు పడకగదిలోకి రాలేవు. నిద్రించే గదిలో, బయటకు వెళ్లే దారిలో ఛార్జింగు పెట్టకపోవడం కుటుంబం చేతిలోని పని.

7. వరద అనంతర జాగ్రత్తలు

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు అజిత్‌సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అలా మునిగిన బండిని ఎండబెట్టి వెంటనే ఛార్జింగుకు పెట్టడం తప్పు. సీసపు బ్యాటరీ మూతల గుండా మురికినీరు చేరితే ద్రావణం పాడవుతుంది. నీరు చొరబడిన లిథియం బ్యాటరీలో లోపలి షార్టు ఆలస్యంగా, కొన్ని రోజుల తరువాత కూడా మంటకు దారితీయవచ్చు. దానిని ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచి, నిపుణుల పరీక్ష తరువాతే ఏ నిర్ణయమైనా తీసుకోవాలి. వరద హెచ్చరిక రాగానే ఛార్జరు తీసి, బండిని ఎత్తైన చోటికి చేర్చడం ఉత్తమం.

8. పాత బ్యాటరీ గమ్యం

2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. పాత బ్యాటరీలోని ఆమ్లాన్ని కాలువలో పారబోసి సీసాన్ని తుక్కుగా అమ్ముకోవడం నేరమే కాదు, ఆత్మహాని కూడా. ప్రకాశం బ్యారేజీ నుంచి బయలుదేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నగరం గుండా సాగి దిగువన పొలాలను తడుపుతాయి. నగరంలో వదిలిన సీసం ఆ దారినే పోగలదు.

9. ముగింపు

పై పరిశీలనను బట్టి కృష్ణా డెల్టాలో బ్యాటరీ నిర్వహణకు నాలుగు అంశాలు కీలకమని తేలుతుంది: ఉష్ణోగ్రతకు తగిన వోల్టేజి, స్వేదనజలం, గాలి ఆడే స్థలం, వరద తరువాత ఓర్పు. వీటిలో మొదటిది మినహా తక్కినవాటికి పెద్ద ఖర్చు లేదు. మొదటిదానికి కావలసిన ఛార్జరు అదనపు ధర, బ్యాటరీ ఆయువు పెరగడంలో తిరిగి రాగలదు. పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు తమ ప్రయోగశాల హైడ్రోమీటరుతో ఆటోస్టాండుకు వెళ్లి బ్యాటరీలను పరీక్షించి చూపితే, ఈ జ్ఞానం అవసరమైన చోటికి తెలుగులోనే చేరుతుంది. వేసవిలో ఒక బస్తీలోని బ్యాటరీల ఉష్ణోగ్రతను, నీటి వినియోగాన్ని నెలనెలా నమోదు చేయడం తదుపరి పరిశోధనకు అనువైన ప్రారంభం.