దగ్గితే యూరిన్ లీక్ అవుతోందా? సిగ్గుపడి దాచుకోకండి.. ఈ ఫిజియోథెరపీ మగవాళ్లకూ పనిచేస్తుంది!

దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా యూరిన్ చుక్కలు పడుతున్నాయా? కాన్పులయ్యాక ఇది మామూలేనని ఆడవాళ్లు, వయసు మీద పడిందని మగవాళ్లు సరిపెట్టుకుంటారు. కానీ ఇది చికిత్స ఉన్న సమస్యే. చాలామందికి ఆపరేషన్ అవసరం కూడా రాదు.

శామీర్‌పేట పల్లెల్లో పొలం పనులకు వెళ్లే మహిళలు, మేడ్చల్ ఫ్యాక్టరీల్లో బరువులు ఎత్తే కార్మికులు దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. పని దగ్గర బాత్రూమ్ లేదనో, లీక్ అవుతుందనో నీళ్లు తాగడం మానేస్తే ఇంకా నష్టం. యూరిన్ చిక్కబడి మంట పెరుగుతుంది, మలబద్ధకం కూడా వస్తుంది.

అసలు పెల్విక్ ఫ్లోర్ అంటే ఏంటి?

పొత్తికడుపు అడుగున ఊయలలా ఉండే కండరాలే పెల్విక్ ఫ్లోర్. మూత్రాశయం, పేగు చివరి భాగం, ఆడవాళ్లలో గర్భసంచి.. వీటన్నింటినీ మోసేది ఇవే. ఆడవాళ్లలో కాన్పులు, మెనోపాజ్ వల్ల, మగవాళ్లలో ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత ఇవి బలహీనపడొచ్చు. అధిక బరువు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం కూడా కారణాలే.

ఎక్సర్‌సైజ్ ఎలా చేయాలి?

అమెరికా గైనకాలజిస్ట్ ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాల గురించి రాశారు. అందుకే వీటికి కెగెల్ ఎక్సర్‌సైజులని పేరు. గ్యాస్ బయటకు పోకుండా ఆపుకున్నట్టు కండరాలను లోపలికి, పైకి బిగించాలి. కొన్ని సెకన్లు ఉంచి పూర్తిగా వదలాలి. ఊపిరి బిగబట్టొద్దు, పొట్ట, తొడలు బిగించొద్దు. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఒక్కోసారి కనీసం 8 సార్లు, రోజుకు 3 పూటలా, కనీసం 3 నెలలు చేయాలి. వారానికే తేడా లేదని ఆపేయొద్దు.

దగ్గు వచ్చే ముందు, బరువు ఎత్తే ముందు ఓసారి బిగించడం అలవాటు చేసుకుంటే లీకేజీ తగ్గుతుంది. యూరిన్ పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం రోజూ ఎక్సర్‌సైజ్‌లా చేయకూడదు.

అందరికీ కెగెల్ పనికొస్తుందా?

లేదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కొందరిలో ఈ కండరాలు వదులుగా కాదు, మరీ బిగుసుకుపోయి ఉంటాయి. పొత్తికడుపులో నొప్పి, కలయిక సమయంలో నొప్పి, యూరిన్ ధారగా రాకపోవడం దాని లక్షణాలు కావొచ్చు. వీళ్లు వీడియోలు చూసి కెగెల్ చేస్తే నొప్పి పెరగొచ్చు. వీళ్లకు కావాల్సింది బిగించడం కాదు, కండరాలను వదిలేయడం నేర్చుకోవడం. అందుకే ఫిజియోథెరపిస్ట్ ముందుగా పరీక్ష చేసి, ఏ సమస్యో తేల్చుకుంటారు. మీ అనుమతి లేకుండా లోపలి పరీక్ష చేయరు. వద్దని చెప్పే హక్కు మీకుంది.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు దగ్గర్లోని సర్కారు దవాఖానలో చూపించుకోండి. మేడ్చల్ దగ్గర ఘనపూర్‌లో మెడిసిటీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఎక్కడికెళ్లినా పెల్విక్ ఫ్లోర్‌లో ట్రైనింగ్ ఉన్న ఫిజియోథెరపిస్ట్ ఉన్నారా అని అడగండి. అందరు ఫిజియోలూ ఇది చేయరు.

యూరిన్‌లో రక్తం, జ్వరం, యూరిన్ పూర్తిగా ఆగిపోవడం, కాళ్ల మధ్య తిమ్మిరి ఉంటే ఎక్సర్‌సైజులతో ఆలస్యం చేయకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స కోసం డాక్టర్‌ను సంప్రదించండి.