ఆటిజము గల బిడ్డలు - వారి కుటుంబములకు మన తోడు

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునాడు అతిథులను ఎదుర్కొని లోనికి తోడుకొనివచ్చు పని నాకు అప్పగింపబడెను. వేదికమీద ఎనిమిదవ తరగతి బాలురు నాటకమాడుచుండిరి. అందు ముఖ్యపాత్రను ధరించిన బాలుని తల్లి తనకై యుంచిన కుర్చీలో కూర్చుండలేదు. ఆమె గేటునకు వెలుపల, వీథికి ఆవలిప్రక్క, వేపచెట్టు క్రింద నిలువబడి గేటుకమ్ముల సందునుండి వేదికవైపు చూచుచుండెను. ప్రక్కన ఆరేండ్ల చిన్నకుమారుడు రెండు చేతులతోను చెవులు మూసికొని ముందునకు వెనుకకు ఊగుచుండెను.

"లోపలికి దయచేయుడమ్మా" యని పిలిచితిని. "వద్దు సారూ, వీడు మైకు చప్పుడునకు ఓర్వలేడు. లోపల కేకలు వేసెనా, పెద్దవాని ఆట చెడిపోవును. ఇక్కడినుండియే కనబడుచున్నది, చాలును" అని యామె బదులు చెప్పెను.

ఆ "చాలును" అను మాట నన్ను చాలదినములు వదలలేదు. ఆ చిన్నవానికి ఆటిజము గలదు. ఇట్టి బిడ్డలు గల కుటుంబములు మన సికిందరాబాదులో ప్రతి బస్తీలోను ఉన్నవి. కాని పెండ్లిండ్లలోను, పండుగలలోను, పాఠశాల సభలలోను వారు మనకు కానరారు. వారు రాకపోవుటకు కారణమేమి, వారు వచ్చునట్లు మనము చేయదగినదేమి యను రెండు సంగతులను విద్యార్థులకును తలిదండ్రులకును తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఆటిజము అనగా నేమి?

గ్రీకుభాషలో 'ఆటోస్' అనగా 'తాను' అని యర్థము. తనలోనికి తాను ముడుచుకొనుటను తెలుపుటకు స్విట్జర్లండు దేశపు వైద్యుడు బ్లాయిలర్ 1911 ప్రాంతమున ఈ మాటను కల్పించెను. 1925లో రష్యా వైద్యురాలు సుఖారెవా యిట్టి లక్షణములు గల ఆరుగురు బాలురను వర్ణించెను. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను బాలవైద్యుడు పదునొకండుగురు పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసమే యీ స్థితిని లోకమునకు ఎఱుకపఱచినది.

ఆటిజము అంటువ్యాధి గాదు; వచ్చి పోవు జబ్బును గాదు. అది మెదడు పెరుగుటలోనే యున్న భేదము. ముఖ్యముగా రెండు విషయములందు ఈ భేదము కనబడును. మొదటిది, ఇతరులతో కలసిమెలసి మాటలాడుట, కనుచూపులను, సైగలను, ముఖభావములను గ్రహించుట యిట్టివారికి కష్టము. రెండవది, ఒకే పనిని మరల మరల చేయుట, అలవాటైన క్రమము తప్పినచో కలతపడుట, శబ్దము, వెలుతురు, స్పర్శ మొదలగువానిని మనకంటె మిక్కిలి తీవ్రముగానో మిక్కిలి తక్కువగానో అనుభవించుట.

అందఱియందును ఇది యొక్కతీరుగా నుండదు. కొందఱు ఎన్నడును మాటలాడరు. కొందఱు అనర్గళముగా మాటలాడుదురు గాని యెదుటివాని పరిహాసమును గ్రహింపజాలరు. కొందఱికి బుద్ధిమాంద్యము కూడ నుండును. మఱికొందఱు లెక్కలలోను సంగీతములోను తోడిపిల్లలను మించుదురు. ఆటిజమును బుద్ధిమాంద్యమును ఒకటే యనుకొనుట పొరపాటు. ప్రపంచారోగ్యసంస్థవారి యంచనా ననుసరించి 2021లో లోకమున సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజము గలదు. ఈ లెక్కనుబట్టి చూచినచో మన పాఠశాలవంటి పాఠశాలను చేరియుండు కుటుంబములలో ఇట్టివారు కొందఱుందురని వేఱుగ చెప్పనక్కఱలేదు.

తల్లి తప్పు గాదు

ఇందు తల్లులు పడిన నింద గొప్పది. గత శతాబ్ది నడుమ ననేక సంవత్సరములు, తల్లి ప్రేమ చల్లనై పోవుటచేతనే బిడ్డ యిట్లయ్యెనని వైద్యులే చెప్పుచుండిరి. స్వయముగా ఆటిజము గల కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లండ్ 1964లో నొక గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. పుట్టుకలోని వంశబీజముల ప్రభావము ఇందు ముఖ్యమని పిమ్మట జరిగిన పరిశోధనలు స్థిరపఱచినవి. టీకాలవలన ఆటిజము వచ్చునని 1998లో లండనులో ప్రకటింపబడిన యొక వ్యాసము తప్పుడుదని తేలగా, 2010లో ఆ పత్రికవారే దానిని ఉపసంహరించుకొనిరి. కావున టీకాలు మానిపింపరాదు. మన యిండ్లలో నింకను వినబడుచున్న పూర్వజన్మపాపము, దిష్టి, గర్భిణి గ్రహణము చూచుట యను మాటలకును ఆధారము లేదు. ఈ మాటలవలన బిడ్డకు మేలు గలుగకపోగా తల్లి గడప దాటుటకు జంకును.

సభలు వారికేల కష్టము?

మీరు తరగతిలో పాఠము వినుచున్నపుడు ఫాను తిరుగు చప్పుడు, వీథిలో ఆటోల మ్రోత, ప్రక్కవాని కలము గీత అన్నియు మీ చెవిని పడుచునే యుండును. కాని మీ మనస్సు వానిని జల్లించి, ఉపాధ్యాయుని మాటనే మీకందించును. ఆటిజము గల బిడ్డలలో ననేకులకు ఈ జల్లించు పని సరిగా జరుగదు. అన్ని చప్పుళ్లును ఒక్కమారుగా ఒకే బలముతో మీదపడును. ఇక ఆషాఢమున లష్కరు బోనాలనాటి డప్పుల దరువును, పెండ్లి బ్యాండును, దీపావళి టపాకాయలను, రైలుస్టేషనులో ప్రకటనలను తలచుకొనుడు. మనకు సంబరమైనది వారికి నొప్పి యగును.

దీనికి తోడు, సభయందు ఏది యెప్పుడు జరుగునో వారికి తెలియదు. తెలియని వారు బుగ్గలు గిల్లుదురు, క్రొత్తబట్టలు గుచ్చుకొనును, భోజనము వేళదప్పును. భారము మితిమీరినప్పుడు బిడ్డ కేకలు వేయును, నేలమీద పడును, లేదా పారిపోవును. చూచువారు దీనిని మంకుతనమనుకొందురు. మంకుపట్టు పట్టిన పిల్లవాడు కోరినది దొరకగానే ఊరకుండును. ఈ బిడ్డకు కోరినదేదియు లేదు. ఆ చోటినుండి తప్పించి నెమ్మదైన తావునకు కొనిపోవుటయే దానికి మందు. అట్టివేళ దండించుట కాలినచేతిని కొట్టుటతో సమానము.

ఇట్లు రెండుమూడు మారులు జరిగిన పిమ్మట బంధువులు "పిల్లవానిని ఇంటిలోనే విడిచిరారాదా?" యందురు. తల్లి యింట నుండిపోవును; తండ్రి యొక్కడు ముఖము చూపి వచ్చును. కొన్నాళ్లకు పిలుపులే తగ్గును. అన్నదమ్ములును అక్కచెల్లెండ్రును స్నేహితులను ఇంటికి పిలుచుటకు వెనుదీయుదురు. ఒక్క బిడ్డకు గల కష్టము ఇట్లు నలుగురిని ఒంటరివారిని చేయును.

ఒక చిన్నయూరి కథ

కానర్ వ్రాసిన పదునొకండుగురిలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్. అతడు 1933లో మిసిసిపీ రాష్ట్రమున ఫారెస్టు అను చిన్నయూర జన్మించెను. మూడేండ్ల వయస్సు దాటిన పిదప వైద్యుల సలహాచే అతనిని దూరపు ఆశ్రమమొకదానిలో నుంచిరి. ఒక సంవత్సరము గడచిన పిమ్మట తలిదండ్రులు, అక్కడివారు వలదన్నను వినక, బిడ్డను ఇంటికి తెచ్చుకొనిరి. తండ్రి బిడ్డ తీరునంతయు 33 పుటల లేఖగా వ్రాయించి కానరునకు పంపెను. ఆటిజమును గూర్చిన విజ్ఞానమునకు ఆ లేఖయే తొలిమెట్టు.

అతడు ఆ యూరి హైస్కూలులోనే చదివెను. అతని వింత యలవాట్లను తోడివిద్యార్థులు ఎగతాళి చేయుట మాని, లెక్కలలో అతని నేర్పును మెచ్చుకొనిరి. 1958లో అతడు కళాశాల పట్టమును పొందెను, తల్లివైపు వారి బ్యాంకులో గుమాస్తాగా అనేక దశాబ్దములు పనిచేసెను, కారు నడపెను, గోల్ఫు ఆడెను, ఒంటరిగా దేశదేశములు తిరిగెను. 2023లో 89 ఏండ్ల వయస్సున మరణించెను. వారిది కలిగిన కుటుంబమగుట నిజమే. కాని అతని చరిత్రను పరిశీలించినవారు, ఊరివారందఱు అతనిని తమవానిగా నెంచుకొనుటయే అతని సుఖజీవనమునకు పెద్ద కారణమని చెప్పుదురు.

మన యూరనే గల సహాయము

తలిదండ్రులు ఒకరితో నొకరు కలసికొనుటతోనే ఈ పని యెల్లెడల ప్రారంభమైనది. ఇంగ్లండులో 1962లోను, అమెరికాలో 1965లోను తలిదండ్రులే సంఘములను స్థాపించిరి. ఢిల్లీలో 1991లో 'యాక్షన్ ఫర్ ఆటిజం' అను సంస్థను ఆటిజము గల కుమారుని తల్లి యొకరు ప్రారంభించిరి. 1995లో దేశమందలి తలిదండ్రుల సంఘములు 'పరివార్' అను పేర నొక సమాఖ్యగా నేర్పడినవి.

మన సికిందరాబాదునకు ఇందు ప్రత్యేకస్థానము గలదు. బోయినపల్లి ప్రాంతమున మనోవికాసనగరులో 1984లో కేంద్రప్రభుత్వమువారు జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పిరి. దానికి పిమ్మట పేరు మార్పబడినది. నేడు దానిని 'నైపిడ్' అను పొట్టిపేరుతో పిలుచుచున్నారు. దూరదేశములనుండి వచ్చిన కుటుంబములు కొన్నిదినములు ఆవరణలోని కుటీరములలోనే నివసించి, బిడ్డకు స్నానము, భోజనము, మాట, ఆట ఎట్లు నేర్పవలెనో తెలిసికొని పోవు ఏర్పాటును ఆ సంస్థ చేసినది. అక్కడ తలిదండ్రులు విద్యార్థులే. 2021లో పసిపిల్లలకై ప్రత్యేక కేంద్రమొకటి కూడ అచ్చట తెరువబడెను.

భారతదేశమునకు తగిన ఆటిజము కొలమానము పుట్టినదియు ఇచ్చటనే. 2009లో ప్రకటింపబడిన ఆ కొలమానమందు 6 విభాగములలో 40 అంశములు గలవు. ఒక్కొక్క అంశమునకు 1 మొదలు 5 వఱకు మార్కులుండును. మొత్తము 70కి లోపైనచో ఆటిజము లేదని యెంచుదురు. ప్రభుత్వమువారు ధ్రువపత్రముల నిచ్చుటకు దీనిని వాడుచున్నారు.

చట్టమును సాయపడుచున్నది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము క్రింద 'నిరామయ' యను ఆరోగ్యబీమా లక్షరూపాయల వఱకు లభించును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును 21 వైకల్యములలో నొకటిగా గుర్తించినది. నిర్ణీత పరిమాణమునకు పైబడిన వైకల్యము గల బిడ్డలకు 6 మొదలు 18 ఏండ్ల వఱకు ఉచితవిద్యను హక్కుగా నిచ్చినది.

తలిదండ్రులకొక మనవి. ఏడాది నిండినను పేరు పిలిచిన తిరిగి చూడనిచో, ఏడాదిన్నర నిండినను వ్రేలితో చూపి యడుగనిచో, వచ్చిన మాటలు పోయినచో, "మగపిల్లలకు మాట ఆలస్యము" అని కాలము గడపక వైద్యునికి చూపుడు. శిక్షణ యెంత ముందు మొదలైన అంత మేలు.

సభ నడపు విధము

వార్షికోత్సవము జరిగిన పిమ్మట మేము ఆ తల్లిని కలసికొని, "మేమేమి చేసిన మీరు లోపలికి రాగలరు?" అని యడిగితిమి. ఆమె చెప్పినవానిని ఈ సంవత్సరము ఆటలపోటీలనాడు ఆచరించితిమి. అవి యివి:

ముందురోజు సాయంకాలము బిడ్డను ఖాళీమైదానమునకు రప్పించి, తాను కూర్చుండు చోటు, నీళ్ల కుండ, మరుగుదొడ్డి, బయటికి దారి చూపితిమి. ఏది ముందో ఏది వెనుకనో బొమ్మలుగా గీచి ఇంటికి పంపితిమి. మైదానమునకు దగ్గఱనున్న ఒక గదిని పంకాయు చాపయు తప్ప మఱేమియు లేకుండ నిశ్శబ్దముగా నుంచితిమి. పరుగుపందెములకు తుపాకి పేల్చుటకు బదులు జెండా నూపితిమి. మైకు పెట్టె నొక్కదానినే, బిడ్డ కూర్చుండు తావునకు దూరముగా నుంచితిమి. ఎప్పుడు లేచిపోయినను ఎవ్వరును కారణమడుగరాదని విద్యార్థులకు ముందే తెలిపితిమి.

విద్యార్థులారా, మీ పని మఱింత సులభము. అట్టి బిడ్డ ఎదురైనపుడు తేరిపాఱ చూడకుడు. ఒక్కమాటగా, పొట్టిగా మాటలాడి, బదులునకై వేచియుండుడు. చెప్పక తాకకుడు. అతడు బంతిని త్రిప్పుటనే ఆటగా నెంచినచో ప్రక్కన కూర్చుండి మీరును త్రిప్పుడు. అతని అన్నయో అక్కయో మీ తరగతిలో నున్నచో వారితో ఎప్పటివలె నుండుడు. వారింటికి పొండు, వారిని మీ యింటికి పిలువుడు.

ఆటలపోటీలనాడు ఆ చిన్నవాడు ఇరువదియైదు నిమిషములు కూర్చుండెను. చప్పట్లు మిక్కుటము కాగానే లేచెను. తండ్రి అతనిని గదిలోనికి, పిమ్మట నింటికి కొనిపోయెను. తల్లి యుండిపోయెను. పెద్దకుమారుడు నాలుగువందల గజముల పరుగులో మూడవవాడుగా వచ్చి బహుమతి నందుకొనుచుండగా ఆమె ముందువరుసలో కూర్చుండి చూచెను. మాకు ఇందుకైన ఖర్చు ఒక జెండా, ఒక ఖాళీగది.

ఏప్రిల్ 2వ తేదీని ప్రపంచ ఆటిజము అవగాహన దినముగా ఐక్యరాజ్యసమితివారు 2007లో నిర్ణయించిరి. 2008 మొదలు అది జరుగుచున్నది. సంవత్సరమున కొక్కదినము తలచుకొనుట మంచిదే. కాని ఆ కుటుంబములకు కావలసినది తక్కిన దినములలో ఒక పిలుపు. రాబోవు వార్షికోత్సవమునకు ఇట్టి బిడ్డలు గల తలిదండ్రులు ఒక వారము ముందుగా తరగతి ఉపాధ్యాయునకు తెలిపినచో, వారి బిడ్డకు ఏది సరిపడునో యడిగి తెలిసికొని ఏర్పాటు చేయుదుము. వేపచెట్టు క్రింద ఈసారి ఎవ్వరును నిలువనక్కఱలేదు.