వీణకు, సినిమా పాటకు ఒకే స్థాయి ఎట్లు?

వీణ రికార్డు ముగిసి సినిమా పాట మొదలు కాగానే శ్రోత ఉలికిపడి ధ్వనిని తగ్గించుట అందరెరిగినదే. రెండింటిని సమముగా వినిపించుటకు యాంప్లిఫయరు గెయిన్‌ను, అనగా అది సంకేతమును పెంచు పరిమాణమును, ఎట్లు సవరింపవలెను?

తరంగముల శిఖరములను సమము చేసిన చాలునని తోచును. కాని వీణతీగె మీటగనే తరంగము ఒక్కసారి ఎత్తుగా లేచి, త్వరలోనే అణగును. పలు వాద్యములు గల పాటలో అది ఎడతెగక ఉన్నతస్థాయిలో నుండును. ధ్వని ఎంత బిగ్గరగా వినిపించుననునది ప్రధానముగా సగటు శక్తిపై ఆధారపడును. కనుక పోల్చవలసినవి సగటులే.

పాట సగటు 6 డెసిబెల్‌లు హెచ్చనుకొందము. వీణకు గెయిన్ అంత పెంచినచో వోల్టేజి సుమారు రెట్టింపు, శక్తి నాలుగు రెట్లు అగును. శిఖరములు యాంప్లిఫయరు హద్దు దాటినచో వాని కొనలు తెగి నాదము చెడును; పిదప ధ్వనిని తగ్గించినను అవి తిరిగి రావు. కావున పాటనే 6 డెసిబెల్‌లు తగ్గించుట క్షేమము.

చెవి అన్ని పౌనఃపున్యములను ఒకే తీరున గ్రహింపదు. దీనిని గణించు కొలతపద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము 2006లో నిర్ణయించినది.

రెండు రికార్డులలో ఏది మేలో తేల్చదలచినవారు ముందు స్థాయిలను సరిచేయవలెను. లేనిచో బిగ్గరగా నున్నదే మేలైనదని చెవి భ్రమించును.