మూడు నెలలు నిద్రపోయే కారు

మన దగ్గర కారు పార్క్ చేయడమంటే నీడ వెతుక్కోవడమే. అమెరికాలో ఉత్తరాన ఉన్న మిన్నెసోటా లాంటి చోట్ల మాత్రం చలికాలానికి ముందు కారుని పద్ధతిగా పడుకోబెట్టాలి. మనకి లంబసింగిలో గడ్డి మీద కాస్త మంచు కనిపిస్తే టీవీలో వార్త. మిన్నియాపోలిస్‌లో 2019 జనవరి చివర్లో మైనస్ 33 డిగ్రీలకి పడింది.

మా పెద్దమ్మగారి అమ్మాయి, అంటే నాకు అక్క, అక్కడే ఉద్యోగం చేస్తోంది. పెద్దమ్మ ఆపరేషన్ కోసం డిసెంబరు మధ్యలో వచ్చి మార్చి దాకా ఇక్కడే ఉంటుంది. జీతం లేని సెలవు. తిరిగి వెళ్ళిన రెండో రోజే ఆఫీసుకి వెళ్ళాలి, ఆ దారిలో బస్సు లేదు. సెకండ్ హ్యాండ్ కారే అయినా తను కొనుక్కున్న వస్తువుల్లో అన్నిటికన్నా ఖరీదైనది అదే. "నువ్వు కంప్యూటర్ సైన్స్ కదరా, ఏం చేయాలో చదివి చెప్పు" అంది. కారుకీ కంప్యూటర్ సైన్స్‌కీ సంబంధమేంటని నవ్వొచ్చింది గానీ, చదివితే నిజంగానే ఉంది.

తాళం తీసేస్తే కారు షట్‌డౌన్ అవ్వదు, స్లీప్ మోడ్‌లోకి వెళ్తుంది. అలారం, గడియారం, రిమోట్ తాళం కోసం కాచుకుని ఉండే రిసీవర్ అన్నీ బ్యాటరీని కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. మొత్తం 30 మిల్లీఆంపియర్లు అనుకుందాం. రోజుకి 0.72 ఆంపియర్ అవర్లు. 90 రోజులకి దాదాపు 65. మామూలు కారు బ్యాటరీ కెపాసిటీయే 45 నుంచి 60 వరకు ఉంటుంది. అంటే అక్క తిరిగి వెళ్ళేలోపే లెక్క సున్నా. 2020 లాక్‌డౌన్‌లో మన కాలనీల్లో కూడా ఎన్నో కార్లు ఇలాగే మొరాయించాయి.

చలి దేశంలో ఇంకో ప్రమాదం ఉంది. బ్యాటరీ ఖాళీ అయ్యేకొద్దీ అందులోని యాసిడ్ ప్లేట్లలోకి వెళ్ళిపోయి మిగిలేది దాదాపు నీళ్ళే. చార్జ్ నిండా ఉన్న బ్యాటరీ మైనస్ 50లో కూడా గడ్డకట్టదు, ఖాళీ అయినదైతే మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి పగిలిపోవచ్చు. అందుకే బ్యాటరీ మెయింటెయినర్ పెడతారు. అవసరమైనంతే చార్జ్ చేసి ఆగే చిన్న పెట్టె అది. అక్క గ్యారేజీలో ప్లగ్ పాయింట్ ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకోవడమే.

నాకు బాగా నచ్చింది కూలెంట్ సంగతి. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఇంజిన్ లోపల అలా ఉబ్బితే ఇనుమైనా చీలుతుంది. అందుకని ఇథిలీన్ గ్లైకాల్ కలుపుతారు. ఎక్కువ కలిపితే ఎక్కువ రక్షణ అనుకుంటాం కదా, కాదు. ఒట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. ఒట్టి నీళ్ళు సున్నా దగ్గర. రెండూ సగం సగం కలిస్తే మాత్రం మైనస్ 37 దాకా తట్టుకుంటుంది! ఇంటర్ కెమిస్ట్రీలో మార్కుల కోసం బట్టీపట్టిన ఫ్రీజింగ్ పాయింట్ డిప్రెషన్ ఇదే. ఆ ఎడిషన్‌లో ఒక రేడియేటర్ బొమ్మ వేసి ఉంటే ఎంత బాగుండేదో. అక్క కారులో ఎప్పుడైనా ఒట్టి నీళ్ళు టాప్ అప్ చేశారేమో మెకానిక్ చేత చూపించమన్నాను. చూడటానికి ఒక్క నిమిషం పడుతుంది.

అక్కడి పెట్రోల్‌లో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది (మన బంకుల్లో ఇప్పుడు 20). ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపల గాలి ఎక్కువ, తేమా ఎక్కువ. అందుకే నిండా కొట్టించి, స్టెబిలైజర్ అనే మందు పోసి, పది నిమిషాలు నడపాలి, ఆ మందు ఇంజెక్టర్ల దాకా చేరడానికి. ఆయిల్ మార్చాల్సింది కూడా పడుకోబెట్టే ముందే, లేచాక కాదు. పాత ఆయిల్‌లో ఉండే యాసిడ్లు మూడు నెలలు ఇంజిన్‌ని తింటూ కూర్చుంటాయి.

అక్క రూమ్మేట్ పాపం మంచి మనసుతో "వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతాలే" అందట. వద్దని చెప్పమన్నాను. పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో వేడెక్కదు కాబట్టి ఆ నీరు ఆయిల్‌లో, సైలెన్సర్‌లో చేరి తుప్పు పట్టిస్తుంది. స్టార్టర్ వాడుకున్న చార్జ్ కూడా అంతలో తిరిగి రాదు. పైగా తలుపు మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేస్తే కార్బన్ మోనాక్సైడ్ మనిషినే చంపేస్తుంది. వాసన కూడా రాదు. ఇది మాత్రం అక్కకి రెండుసార్లు చెప్పాను.

మిగతావి చిన్న పనులు. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కాబట్టి చివరిసారి కడిగేటప్పుడు అడుగు భాగం కూడా కడిగించాలి. చలికి గాలి కుంచించుకుని ప్రతి ఐదారు డిగ్రీలకి టైరులో సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది, అందుకని కొంచెం ఎక్కువ కొట్టించాలి, టైరు మీద రాసిన గరిష్ఠం దాటకుండా. హ్యాండ్‌బ్రేక్ వేసి వదలకూడదు, తుప్పుతో అతుక్కుపోవచ్చు. చక్రాలకి చెక్క అడ్డం పెడితే చాలు.

ఇక ఎలుకలు. వెచ్చదనం కోసం, గూడు కోసం ఇంజిన్‌లో దూరి వైర్లు కొరికేస్తాయి. అవి ఏ దేశమైనా ఎలుకలే. గింజ, బిస్కెట్ ముక్క కూడా లేకుండా కారు లోపల శుభ్రం చేసి, సైలెన్సర్ గొట్టంలోనూ గాలి లోపలికి వెళ్ళే దారిలోనూ స్టీల్ పీచు కుక్కుతారు. మార్చిలో దాన్ని తీయకుండా స్టార్ట్ చేస్తే మళ్ళీ అదో గొడవ. అందుకే అక్క స్టీరింగ్ మీద ఒక కాగితం అంటించి ఫోటో పంపింది: "పీచు రెండు చోట్ల ఉంది. తీశాకే తాళం తిప్పు."