గడ్డి కాదు, గడ్డ పోవాలి

తెనాలిలో కాలేజీ రక్తదాన శిబిరంలో రక్తమిచ్చిన కుర్రాడికి కొన్ని రోజుల తర్వాత బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వస్తుంది, ఒకసారి వచ్చి కలవమని. రేపల్లె నుంచి గల్ఫ్‌కు బయల్దేరబోయే మనిషి మెడికల్ పరీక్షలో ఆగిపోతాడు. బాపట్లలో గర్భిణికి చేసే మామూలు రక్తపరీక్షల్లో, చిన్న ప్లాస్టిక్ పట్టీ మీద ఒక్క గీత రావలసిన చోట రెండు గీతలు తేలతాయి. మన వైపు చాలామందికి ఒంట్లో హెపటైటిస్-బి ఉన్న సంగతి ఇలాగే, అనుకోకుండా తెలుస్తుంది. కళ్లు పచ్చగా లేవు, అన్నం సయిస్తోంది, పనికి పోతున్నాను, నాకు కామెర్లేమిటి అని వాళ్లు అడగడంలో తప్పేమీ లేదు. ఈ వైరస్ పదేళ్లు, ఇరవై ఏళ్లు చప్పుడు చేయకుండా కాలేయంలో ఉండగలదు. చప్పుడు చేసేనాటికి కొందరిలో లివర్ గట్టిపడి ఉంటుంది, కొందరిలో క్యాన్సర్ మొదలై ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022 నాటికి మన దేశంలో దాదాపు 2 కోట్ల 98 లక్షల మంది దీనితో బతుకుతున్నారు.

రిపోర్టు చేతికి రాగానే డాక్టరును అందరూ అడిగే మాట ఒక్కటే: ‘ఇది పూర్తిగా పోతుందాండీ?’ ఇవాళ్టికి నిజాయితీగా చెప్పగలిగే జవాబు ‘అదుపులో ఉంటుంది’ అనే. ఎందుకు పోదో తెలియాలంటే దుగ్గిరాల వైపు పసుపు చేలో తుంగ తీసినవాళ్లను అడగాలి. పైన గడ్డి ఎంత కోసినా, నేలలో నల్లటి చిన్న గడ్డ మిగిలితే వారం తిరక్కుండానే మళ్లీ మొలక లేస్తుంది. హెపటైటిస్-బి వైరస్ చేసేదీ ఇదే. కాలేయ కణంలోకి దూరి, దాని కేంద్రకంలో తన జన్యువును ఉంగరంలా చుట్టి దాచుకుంటుంది. అదే గడ్డ. కొత్త వైరస్‌లు తయారుకావడానికి కావలసిన ఆదేశాలన్నీ అక్కడి నుంచే వెళతాయి.

ఇప్పుడు రోజుకొకటి వేసుకునే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు పైన గడ్డిని కోస్తాయి, చాలా బాగా కోస్తాయి. రక్తంలో వైరస్ మోతాదు, అంటే వైరల్ లోడ్, పరీక్షకు అందనంతగా పడిపోతుంది, లివర్ కుదుటపడుతుంది, క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. గడ్డ జోలికి మాత్రం అవి పోలేవు. అందుకే ఏళ్ల తరబడి వేసుకోవాలి. బాగానే ఉన్నానుగా అని సొంతంగా ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి ప్రాణం మీదికి తేవచ్చు.

గడ్డ దాకా వెళ్లే మందు కోసం ప్రపంచంలో కొన్ని చిన్న బయోటెక్ కంపెనీలు ఏళ్లుగా శ్రమిస్తున్నాయి. కాలిఫోర్నియాలోని అసెంబ్లీ బయోసైన్సెస్ వైరస్ లోపలి గుల్లను సరిగా అల్లుకోనివ్వని మందు చేసింది. టెనోఫోవిర్ తరగతి మాత్రలతో కలిపి ఇస్తే వైరస్ బాగా అణిగింది. 2020లో మందులన్నీ ఆపి చూశారు. దాదాపు అందరిలోనూ వైరస్ తిరిగొచ్చింది. గడ్డ మిగిలే ఉందన్నమాట. అయోనిస్ అనే సంస్థ పరిశోధనలో పుట్టి పెద్ద మందుల కంపెనీ జీఎస్‌కే చేతికి వెళ్లిన బెపిరోవిర్సెన్ దారి వేరు. ఉంగరం నుంచి బయల్దేరే ఆదేశాలను అది మధ్యలోనే తుంచేస్తుంది. 2022లో వెలువడిన రెండో దశ ఫలితాల్లో, 24 వారాలు ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో నూటికి తొమ్మిది పదిమందికి, ఆ మందు ఆపి ఆరు నెలలు గడిచినా రక్తంలో వైరస్ ఆనవాలు కనిపించలేదు. నూటికి పదేనా అనిపించవచ్చు. మామూలు మాత్రలతో ఏడాదికి నూటికి ఒకరికి కూడా కష్టమైన సంగతి ఇది. ఇక నార్త్ కరోలినాలోని ప్రెసిషన్ బయోసైన్సెస్ ఏకంగా ఆ ఉంగరాన్నే కత్తిరించే జన్యు చికిత్సను మనుషుల్లో పరీక్షిస్తోంది. అన్నిటికంటే నాకు ఆశ కలిగించేది అదే. అయినా దాన్ని నమ్ముకుని ఇవాళ్టి మాత్ర మానుకునే రోజు ఇంకా రాలేదు.

మన గట్ల మీద మొలిచే నేల ఉసిరికీ ఈ కథలో చోటుంది. కామెర్లంటే దాని పసరు తాగించడం మన ఊళ్లలో తరాల అలవాటు. దాన్ని శాస్త్రం తేలిగ్గా కొట్టిపారేయలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరి పొడి ఇచ్చిన 37 మందిలో 22 మందికి వైరస్ ఆనవాలు పోయిందని లాన్సెట్ పత్రికలో రాశారు. ఈ వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ కూడా అందులో సహరచయిత. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. పసరు తాగాక తగ్గిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గేవి. హెపటైటిస్-బి ముదిరినవాళ్లు పసరుతో గడిపిన నెలలు తిరిగిరావు.

మళ్లీ కంపెనీల సంగతికొస్తే, చిన్న కంపెనీ వల్ల ఇంత పెద్ద పని కాదనుకోనక్కర్లేదు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. తల్లి పేరే కంపెనీకి పెట్టుకున్నారు. చేతిలో టీకా తయారీ అనుభవం లేదు. 1997లో షాన్‌వాక్-బి వచ్చింది, దేశంలో జన్యు పరిజ్ఞానంతో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా. విదేశీ టీకా డోసు వందల రూపాయలు పలికే రోజుల్లో దాన్ని సుమారు 50 రూపాయలకు అందించారు. టీకా ధర మధ్యతరగతి ఇంటికి అందుబాటులోకి దిగింది అప్పుడే. రేపు గడ్డను తీసే మందు వచ్చినా, ఆ ధర రేపల్లె కూలికి అందేలా దించే పని మళ్లీ మనవాళ్లే తలకెత్తుకోవాలని నా కోరిక.

ఆ మందు వచ్చేలోపు చేతిలో ఉన్నదే చాలా ఉంది. పుట్టినప్పుడు వైరస్ సోకిన పిల్లల్లో నూటికి తొంభై మందికి అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకినవాళ్లలో నూటికి అయిదుగురికి మించదు. అందుకే పుట్టిన 24 గంటల్లో బిడ్డకు వేసే ఆ ఒక్క టీకా డోసుకు అంత విలువ. తల్లికి పాజిటివ్ ఉంటే బిడ్డకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా వేస్తారు. తల్లిలో వైరస్ ఎక్కువుంటే గర్భంతో ఉండగానే టెనోఫోవిర్ ఇస్తారు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. పాజిటివ్ వచ్చినవాళ్లందరికీ మాత్రలు అవసరం ఉండదు. వైరల్ లోడ్, ఎస్జీపీటీ అనే లివర్ రక్తపరీక్ష, లివర్ పరిస్థితి చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. మాత్ర అక్కర్లేదన్నా ఆరు నెలలకోసారి చూపించుకోవడం మానకూడదు.

ఒకే కంచంలో తింటే, పక్కన పడుకుంటే, బిడ్డను ఎత్తుకుంటే ఇది అంటదు. రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. షేవింగ్ బ్లేడు మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. ఇంట్లో ఒకరికి పాజిటివ్ వస్తే ఆ మనిషి గ్లాసు వేరు చేయకండి. మిగతా అందరినీ పరీక్షకు తీసుకెళ్లండి, నెగెటివ్ వచ్చినవాళ్లకు మూడు డోసుల టీకా పూర్తి చేయించండి.